ముందు పైకప్పు, తర్వాతే ప్లాట్లు

‘డౌన్‌టన్ ఆబీ’ సీరియల్ చూసినవారికి హైక్లియర్ కాసిల్ కొత్త కాదు. ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో కార్నార్వన్ ప్రభువుల సొంత ఇల్లు అది. లండన్ పార్లమెంటు భవనానికి రూపం ఇచ్చిన చార్లెస్ బారీయే 19వ శతాబ్దంలో దానికీ ఇప్పటి రూపు తెచ్చాడు. 1922లో ఈజిప్టులో టుటన్‌ఖామన్ సమాధి తవ్వకాలకు డబ్బు పెట్టిన ఎర్ల్ ఆ ఇంటివాడే. సీరియల్ రాకముందు, 2009 నాటికి, ఆ ఇంటి స్థితి తెరమీద కనబడినంత దర్జాగా ఏమీ లేదు. పై అంతస్తుల్లో నీళ్లు దిగి గదులకు గదులు వాడకానికి పనికిరాకుండా పోయాయి. మరమ్మతులకు సుమారు కోటీ 20 లక్షల పౌండ్లు కావాలని లెక్క తేలింది. ఎస్టేట్ భూమిలో కొంత భాగాన్ని ఇళ్ల నిర్మాణానికి అనుమతి తెచ్చుకుని అమ్ముదామని కుటుంబం ఆలోచన చేసింది. ఆ సంగతి విని సంగీతకారుడు ఆండ్రూ లాయిడ్ వెబర్ ఇల్లే కొనేస్తానని ముందుకొచ్చాడు, కుటుంబం ఒప్పుకోలేదు. ఇంతలో 2010 సెప్టెంబరులో సీరియల్ మొదలైంది. ప్రపంచం నలుమూలల నుంచీ జనం టికెట్లు కొనుక్కుని రావడం మొదలెట్టారు. హైక్లియర్‌కు అలా అదృష్టం కలిసొచ్చింది. ఇంగ్లండ్‌లో అలాంటి ఇళ్లు వందల్లో ఉన్నాయి, అన్నింటికీ ఒక్కో సీరియల్ రాదు. మిగిలినవాటి ముందున్నది 2009లో హైక్లియర్ ముందున్న దారే.

పాత ఎస్టేట్ల యజమానులకు సలహాలిచ్చే ల్యాండ్ ఏజెంట్లు, ప్లానింగ్ కన్సల్టెంట్లు చెప్పేది కూడా ఆ దారి గురించే. వాడకంలో లేని గుర్రపుశాలను ఆఫీసులుగా, ధాన్యపు కొట్టాన్ని ఇల్లుగా, ఊరి అంచున ఉన్న పొలాన్ని హౌసింగ్ కాలనీగా మార్చడానికి పర్మిషన్ తెచ్చుకోండి, ఆస్తి విలువ పెరుగుతుంది అంటారు. సలహాలో తప్పు లేదు. పెరిగే ఆ విలువ ఎక్కడి నుంచి వస్తుందో, అది ఎవరికి చెందాలో మాత్రం అడగరు. చారిత్రక ఎస్టేట్‌కు అనుమతుల ద్వారా విలువ చేర్చడం సమంజసమే, చాలాచోట్ల తప్పనిసరి కూడా. అయితే ఆ విలువ మీద మొదటి హక్కు ఆ ఇంటిది. యజమానిది ఆ తర్వాత. ఇంటికి ఎంత లోటు ఉందో లెక్కగట్టి అంతకే అనుమతి ఇవ్వాలి. అదీ మరమ్మతు పని సాగిన మేరకే అక్కరకొచ్చేలా ఇవ్వాలి. ఈ షరతు లేకపోతే వారసత్వం పేరు చెప్పి పొలాన్ని ప్లాట్లు చేసుకోవడమే మిగులుతుంది.

విలువ ఎక్కడ పుడుతుందో ముందు చూద్దాం. 2010ల మధ్యలో బ్రిటన్ ప్రభుత్వమే వేసిన అంచనాల ప్రకారం ఇంగ్లండ్‌లో హెక్టారు సాగుభూమి సగటు ధర 20 వేల పౌండ్ల చిల్లర. అదే హెక్టారుకు ఇళ్లు కట్టుకునే అనుమతి ఉంటే, లండన్‌ను పక్కనపెట్టి చూసినా, ధర 20 లక్షల పౌండ్ల దరిదాపుల్లో ఉంది. అంటే దాదాపు వంద రెట్లు. మన్ను మారలేదు, యజమాని పార కూడా పట్టలేదు. మారిందల్లా స్థానిక కౌన్సిల్ ఆఫీసులో ఒక కాగితం. ఈ తేడాను అక్కడ గట్టిగా చట్టంలోకి ఎక్కించింది 1947 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం. భూమి యజమానిదే కానీ దానిమీద కొత్తగా కట్టే హక్కు సమాజానిదని ఆ చట్టం తేల్చింది. అప్పటి ప్రధాని అట్లీ ప్రభుత్వం అక్కడితో ఆగకుండా, అనుమతి వల్ల పెరిగే విలువ నూటికి నూరుపాళ్లూ సర్కారుకే జమ కావాలంది. పైసా మిగలకపోతే భూమి అమ్మడానికి ఎవరు ముందుకొస్తారు? కన్సర్వేటివ్‌లు రాగానే 1953లో ఆ రుసుము ఎత్తేశారు. 1967లో 40 శాతం లెవీ పెట్టారు, మూడేళ్లకే అది పోయింది. 1976లో అభివృద్ధి భూమి పన్ను పెట్టారు, 1985లో అదీ పోయింది. పన్నుగా లాగబోయిన ప్రతిసారీ ఎదురుదెబ్బ తగిలింది గానీ, అసలు సూత్రం చెక్కుచెదరలేదు. అనుమతి ఇవ్వడం సమాజం చేతిలో పని. ఇచ్చేటప్పుడు బదులు అడిగే హక్కు దానికి ఉంది.

ఇక ఈ ఇళ్లకు లోటు ఎందుకొచ్చింది? 1870ల తర్వాత అమెరికా గోధుమలు వచ్చిపడి ఇంగ్లండ్ పొలాల కౌళ్లు పడిపోయాయి. ఆ కౌళ్ల మీద బతికిన ఇళ్లు ఒక్కసారిగా బరువయ్యాయి. 1894లో మరణానంతర ఎస్టేట్ పన్ను వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అతిపెద్ద ఆస్తుల మీద అది 80 శాతానికి చేరింది. యుద్ధకాలంలో సైన్యం దిగి పాడుచేసిన ఇళ్లు సరేసరి. 1974లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, వందేళ్లలో కూల్చేసిన పల్లె భవంతుల మీద ఒక ప్రదర్శన పెట్టింది. రాయ్ స్ట్రాంగ్, మార్కస్ బిన్నీ, జాన్ హారిస్ కలిసి చేసిన ఆ ప్రదర్శనలో వెయ్యికి పైగా పోయిన ఇళ్ల పేర్లున్నాయి. అప్పటికే, 1968లోనే, వారసత్వ జాబితాలోకెక్కిన కట్టడాన్ని మార్చాలన్నా కూల్చాలన్నా ప్రత్యేక సమ్మతి తప్పనిసరి చేశారు. దాంతో గడ్డపార ఆగింది. నీళ్లు కారడం మాత్రం ఆగలేదు. కూల్చవద్దని చెప్పే చట్టం కప్పు వేయించడానికి డబ్బివ్వదు కదా. పైగా 2012 అక్టోబరు నుంచి జాబితా కట్టడాల్లో అనుమతి పొంది చేసే మార్పులకు కూడా 20 శాతం వ్యాట్ పడుతోంది. అంతకుముందు వాటికి సున్నా. సరికొత్త ఇల్లు కడితే మాత్రం ఇప్పటికీ సున్నాయే. పాతదాన్ని నిలబెట్టేవాడికి పన్ను, పక్కన కొత్తది లేపేవాడికి మినహాయింపు! ఇంతకన్నా తలకిందుల విధానం వెతికినా దొరకదు.

ఈ లోటును పూడ్చడానికి ఇంగ్లండ్ ప్రణాళికా వ్యవస్థ కనిపెట్టిన ఉపాయాన్ని ‘ఎనేబ్లింగ్ డెవలప్‌మెంట్’ అంటారు. మామూలుగా అయితే నిబంధనలకు విరుద్ధమని తోసిపుచ్చే నిర్మాణాన్ని, దాని లాభం ఒక చారిత్రక కట్టడాన్ని నిలబెడుతుందంటే, మినహాయింపుగా ఒప్పుకోవడం. కోవెంట్ గార్డెన్‌లోని రాయల్ ఓపెరా హౌస్ విస్తరణకు పక్కన ఆఫీసులు కట్టి డబ్బు సమకూర్చుకోవచ్చా అన్న కేసులో, 1980ల చివర్లో అప్పీలు కోర్టు ఇలాంటి లెక్కను పరిగణనలోకి తీసుకోవడం తప్పు కాదంది. తర్వాత అది జాతీయ ప్రణాళికా విధానంలోకి ఎక్కింది. లెక్క కట్టే పద్ధతి తెలుసుకోదగ్గది. ఉదాహరణకు ఒక ఇంటి మరమ్మతుకు, దాన్ని వాడకానికి తేవడానికి కలిపి 80 లక్షల పౌండ్లు అవుతుందనుకుందాం. అంతా అయ్యాక మార్కెట్‌లో ఆ ఇంటి విలువ 50 లక్షలే. తేడా 30 లక్షలు. ఆ లోటుకు సరిపడా ఇళ్లకే అనుమతి, పదో పదిహేనో ఎన్ని కావాలో అన్ని. అంతకుమించి ఒక్కటి కూడా కాదు. గ్రాంట్లు, ధార్మిక నిధులు, మరో యజమాని, మరో వాడకం, వీటిలో ఏదీ ఆ లోటును తీర్చదని ముందు రుజువు కావాలి. ఇల్లు నిజంగానే మార్కెట్‌లో పెట్టి కొనేవాళ్లు ఉన్నారో లేదో చూడాలి. ఇళ్లు కట్టడం వల్ల ఆ భవంతి చుట్టూ ఉన్న తోట, చెరువు, చెట్ల బారు దెబ్బతినకూడదు. ఇంటిని కాపాడబోయి దాని ముంగిలిని అమ్ముకుంటే కాపాడిందేమిటి?

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం ఒకటుంది. లోటు అనేది ఆ కట్టడం అవసరాల నుంచి పుట్టాలి తప్ప, యజమాని అప్పుల నుంచో, అతను ఎస్టేట్‌ను కొన్న రేటు నుంచో పుట్టకూడదని వారసత్వ కట్టడాల బాగోగులు చూసే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ మార్గదర్శకాలు చెబుతాయి. రేపు పర్మిషన్ వస్తుందన్న ఆశతో ఎక్కువ పెట్టి కొన్నవాడు, ఆ ఎక్కువను లోటు ఖాతాలో వేసి మరో పది ఇళ్లు అడగడానికి లేదు. దీనికి తోడు ఇంకొకటి: కావాలని పాడుపెట్టిన కట్టడం దుస్థితిని అనుమతి నిర్ణయంలో పరిగణించరు. ఇది ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ఇలాంటి ఇల్లు ఎలా పాడవుతుందో చూడాలి. రెండు కప్పుల మధ్య లోయలా ఉండే సీసపు రేకు కాలువలో శరత్కాలపు ఆకులు రాలి అడ్డుపడతాయి. ఏడాదికి రెండుసార్లు నిచ్చెన వేసి తీయిస్తే అయ్యే ఖర్చు తక్కువే. తీయకపోతే నీళ్లు పొంగి గోడలోకి దిగుతాయి. గోడలో ఇమిడిన దూలం కొసలు నానుతాయి. ఆ తడికి కలపను తినే శిలీంధ్రం ఒకటి పుట్టి గచ్చు వెనకాల, ఇటుకల సందుల్లోంచి గది నుంచి గదికి పాకుతుంది. కింద అతిథుల హాల్లో సున్నపు పూలతీగల సీలింగు ఊడిపడే రోజుకు గానీ సంగతి బయటపడదు. ఆకులు తీయించని యజమానికి పదేళ్ల తర్వాత లక్షల పౌండ్ల లోటు చేతికొస్తుంది. ఆ లోటునే చూపించి ప్లాట్లకు అనుమతి అడగొచ్చనుకుంటే, ఆకులు తీయించేవాడే తెలివితక్కువవాడవుతాడు.

అనుమతి ఇచ్చినంత మాత్రాన ఇల్లు బాగుపడదని చెప్పడానికి మెంట్‌మోర్ టవర్స్ చాలు. 1850లలో రోత్స్‌చైల్డ్ కుటుంబం కోసం జోసెఫ్ పాక్స్‌టన్ కట్టిన భవంతి అది. ఇల్లూ అందులోని సమస్త కళాఖండాలూ కలిపి 20 లక్షల పౌండ్లకు ఇస్తామంటే ప్రభుత్వం కాదంది. 1977లో సామాన్ల వేలంలోనే 60 లక్షలు దాటాయి. మరుసటి ఏడాది ఖాళీ ఇంటిని మహర్షి మహేశ్ యోగి సంస్థ 2 లక్షల 40 వేలకు కొనుక్కుంది (మనవాళ్ల ధ్యానం ఇరవై ఏళ్లపాటు సాగింది అక్కడే). ఆ తర్వాత ఒక స్థిరాస్తి వ్యాపారి చేతికి వచ్చింది. విలాసవంతమైన హోటల్‌గా మార్చడానికి పర్మిషన్లు వచ్చాయి. వ్యాపారం కుప్పకూలింది, హోటల్ రాలేదు. అనుమతి ఉన్న ఇల్లు అనుమతి లేని ఇంటిలాగే కారుతూ, ప్రమాదంలో ఉన్న వారసత్వ కట్టడాల జాబితాలో చేరింది. అందుకే అనుమతికి గొలుసు వేయాలి. 1990 ప్రణాళికా చట్టంలోని 106వ సెక్షన్ కింద కౌన్సిల్, యజమాని రాసుకునే ఒప్పందానికి ఆ పని చేసే శక్తి ఉంది. మొదటి అయిదు ఇళ్లలో జనం దిగకముందే భవంతి పైకప్పు పూర్తి కావాలి, తర్వాతి అయిదు ఇళ్లకు ముందు తూర్పు రెక్క, ఇలా మెట్టు మెట్టుగా రాసుకోవచ్చు. డబ్బు ముందే ప్రత్యేక ఖాతాలో వేయించవచ్చు. ఒప్పందం భూమికి అంటుకుని ఉంటుంది కాబట్టి ఎస్టేట్ చేతులు మారినా షరతు మారదు. ఇవేవీ లేకుండా ఇచ్చిన అనుమతి మాత్రం భూమితో పాటే అమ్ముడుపోయి, ఇంటిని ఒంటరిగా వదిలేస్తుంది.

అయినా కొత్త ఇళ్లు చివరి మెట్టే కావాలి. పొలం ఒక్కసారే అమ్ముడవుతుంది, కప్పు వందేళ్లకోసారి మళ్లీ పోతుంది. ఉన్న కట్టడాల్లోంచి ఏటా ఆదాయం తెచ్చే అనుమతులు అంతకన్నా మేలు. ఒక్క భవంతి చుట్టూ గుర్రపుశాలలు, బండి కొట్టాలు, గోడ కట్టిన కూరల తోట, గేటు దగ్గర లాడ్జి, తోటమాలి ఇల్లు ఉంటాయి. వీటిని కార్ఖానాలుగా, అద్దె ఇళ్లుగా, అతిథి గృహాలుగా మార్చడం ఇంటి స్వరూపాన్ని తాకదు. 1994 నాటి వివాహ చట్టం రిజిస్టరు పెళ్లిళ్లను లైసెన్సు పొందిన భవనాల్లో జరుపుకోనిచ్చాక, పల్లె భవంతులకు పెళ్లి మండపాల వ్యాపారం దొరికింది. ఒక్క చట్టసవరణ ఎన్నో కప్పులకు సీసపు రేకు వేయించింది. ఇక కిట్ మార్టిన్ అనే ఆర్కిటెక్టు 1970ల నుంచి చేసిన పని ఇంకో దారి చూపింది. ఎవరూ కొనని భారీ భవంతులను నిలువుగా, ఒక్కో మెట్లదారికి ఒక్కో ఇల్లు వచ్చేలా విడగొట్టి అమ్మాడు. పెద్ద హాళ్లను అడ్డగోడలతో నరకకుండా, తోటను అందరికీ ఉమ్మడిగా ఉంచాడు. నార్ఫోక్‌లోని గంటన్ హాల్, రట్లండ్‌లోని బర్లీ ఆన్ ద హిల్ అలా నిలిచాయి. పొలంలో కొత్త కాలనీ అడిగే ముందు, ఇంట్లోనే ఇళ్లు దొరుకుతాయేమో చూశారా అని కౌన్సిల్ అడగడం న్యాయం.

చూసినా చాలకపోతే? బ్లెనిమ్ ప్యాలెస్ లాంటి చోట చాలదు. ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్న ఆ భవనానికి సందర్శకులు దండిగా వస్తారు, అయినా పేరుకుపోయిన మరమ్మతుల బిల్లు 4 కోట్ల పౌండ్ల దాకా ఉందని ఎస్టేట్ లెక్క చెప్పింది. పక్కనే ఉన్న వుడ్‌స్టాక్ ఊరి అంచున, ప్యాలెస్ గోడ బయట, 300 ఇళ్ల కాలనీకి అనుమతి పొంది, వచ్చేదాన్ని ప్యాలెస్ నిధికి మళ్లించే దారి పట్టింది. ఊళ్లోవాళ్లు రోడ్లు, బడులు, ఆసుపత్రుల మీద భారం పడుతుందని అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ఎందుకంటే ఈ లావాదేవీలో ఒక కనబడని ధర ఉంది. మామూలు హౌసింగ్ ప్రాజెక్టులో కొంత వాటా తక్కువ అద్దె ఇళ్లకు పోవాలి. ఎనేబ్లింగ్ డెవలప్‌మెంట్‌లో ప్రతి పౌండూ పైకప్పు కోసమే అంటే, ఆ వాటా తగ్గిపోతుంది, ఒక్కోసారి సున్నా అవుతుంది. అంటే ప్రభువుగారి ఇంటి మరమ్మతుకు కొంత డబ్బు ఆ ఊళ్లో ఇల్లు దొరకని నర్సు, బడి టీచరు, పాలేరు జేబులోంచి పోతోందన్నమాట. నా వాదనకు ఇదే గట్టి సవాలు. దీనికి జవాబు లెక్కలు బయటపెట్టడమే. లోటు లెక్క, కాంట్రాక్టరు లాభం శాతం, భూమి రేటు అన్నీ ఊరివాళ్లు చదివేలా ఉండాలి. ఊరు వదులుకునేదానికి బదులుగా ఊరికి ఏదో రావాలి. ఏడాదిలో కొన్ని వారాలైనా ఇల్లు జనానికి తెరవాలి, పార్కులో నడకదారి హక్కు శాశ్వతంగా రాసివ్వాలి. ఇవి రెండూ ఒప్పందంలో రాయించుకోగలిగినవే. అలా రాయించుకోని కౌన్సిల్ తన ఊరి సొమ్మును ఉత్తపుణ్యానికి ఇచ్చేసినట్టే.

మరి దీనికన్నా ప్రభుత్వమే నేరుగా డబ్బిస్తే పోదా అనేవారున్నారు. సూత్రంగా అది సూటిగా ఉంటుంది, నిజమే. ఆచరణలో వృద్ధుల సంరక్షణ నిధుల కోసం అల్లాడుతున్న కౌన్సిళ్లు ఎవరి ఇంటి కప్పుకో బడ్జెట్‌లో పద్దు రాయవు. ప్రభుత్వమే పూనుకుంటే ఏమవుతుందో నార్తాంప్టన్‌షైర్‌లోని ఏప్‌తోర్ప్ చెబుతుంది. జేమ్స్ రాజు మెచ్చి బస చేసిన ఆ ఇంటిని విదేశీ యజమాని ఏళ్ల తరబడి గాలికొదిలేస్తే, 2004లో ప్రభుత్వం బలవంతపు కొనుగోలు చేసింది. వారసత్వ సంస్థ ఇంగ్లిష్ హెరిటేజ్ సుమారు 80 లక్షల పౌండ్లు పోసి గోడలు నిలబెట్టింది. 2014లో కొత్త యజమానికి 25 లక్షలకు అమ్మింది. ఇల్లు బతికింది, జనానికి కొన్నాళ్లు తెరిచి ఉంచే షరతూ దక్కింది. ఏటా ఒక ఏప్‌తోర్ప్‌ను మోసే శక్తి ఏ ఖజానాకూ ఉండదు. బలవంతపు కొనుగోలు కొరడా గోడకు వేలాడుతుండాలి, యజమాని దాన్ని చూస్తుండాలి, అంతే.

యజమానుల వాదన వేరు. తరతరాలుగా మా డబ్బుతో కాపాడుకొచ్చాం, అది చూడటానికే కదా మీరు టికెట్టు కొంటున్నారు, మా భూమి విలువ పెరిగితే మాకెందుకు చెందకూడదు అంటారు. అందులో కొంత న్యాయం ఉంది. ఇల్లు జాబితాలోకెక్కితే యజమాని కిటికీ మార్చాలన్నా అడిగి మార్చాలి. ప్రజల కోసం ఆ బరువు మోస్తున్నాడు. అందుకే లోటు లెక్కలో సహేతుకమైన లాభాన్ని కలపడం తప్పు కాదు, దిక్కులేని చోట మినహాయింపే ఇవ్వడమూ తప్పు కాదు. కానీ ఆ మినహాయింపు దొరికేది ఇల్లు ఉండబట్టే. అదే పక్కనున్న సామాన్య రైతు తన పొలంలో పది ఇళ్లు కట్టుకుంటానంటే గ్రామీణ ప్రాంతం కుదరదంటారు. రైతుకు కాదన్నది ఎస్టేట్‌కు ఇవ్వడానికి ఒకే ఒక్క కారణం ఆ భవంతి. ఆ కారణంతో వచ్చిన డబ్బు ఆ కారణానికే పోవాలనడం ఆస్తిహక్కును కాలరాయడం కాదు.

అసలు ఆ ఇళ్లను కాపాడటం దేనికని మనవైపు నుంచి ఎవరైనా అడిగితే, ఆ కోపానికి ఆధారాలున్నాయి. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో వుడ్‌హాల్ పార్క్ అనే భవంతి ఉంది. 1777లో థామస్ లెవర్టన్ చేత దాన్ని కట్టించడం మొదలుపెట్టినవాడు సర్ థామస్ రంబోల్డ్. మరుసటి ఏడాదే మద్రాసు గవర్నరుగా కుర్చీ ఎక్కాడు. ఉత్తర సర్కారుల జమీందార్లను వాళ్ల వాళ్ల చోట్ల విచారించాల్సిన సర్క్యూట్ కమిటీని పక్కనపెట్టి, అందరినీ మద్రాసుకు రమ్మని హుకుం జారీ చేశాడు. విజయనగరం సీతారామరాజు వంటివారితో సాగిన వ్యవహారాల్లో లంచాలు చేతులు మారాయని, జీతానికి పొంతన లేనంత సొమ్ము ఇంగ్లండ్‌కు చేరవేశాడని పార్లమెంటులో విచారణ నడిచింది. అతణ్ని శిక్షించే బిల్లు 1783లో అటకెక్కింది. ఆ ఇల్లు తర్వాత కొన్నది పాల్ బెన్‌ఫీల్డ్, ఆర్కాటు నవాబు అప్పుల మీద కోట్లకు పడగలెత్తిన మనిషి. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా రైతు కట్టిన శిస్తుకు అక్కడి సీలింగు పూలతీగలకు ఏదో చుట్టరికం ఉందని అనుమానించడం అన్యాయం కాదు. పాత భవంతులను సంరక్షించే నేషనల్ ట్రస్ట్ సంస్థ 2020లో తన అధీనంలోని 93 చోట్లకు వలస పాలనతోనో బానిస వ్యాపారంతోనో ఉన్న సంబంధాలను తానే ప్రకటించింది. అయితే ఇల్లు కూలితే ఆ సొమ్ము తిరిగిరాదు, సాక్ష్యం పోతుంది. వుడ్‌హాల్ ఇప్పుడు బడి. పిల్లలు పరుగెత్తే ఆ వరండాల్లో రంబోల్డ్ కథ కూడా చెబితే, కూల్చడం కన్నా అది మేలైన శిక్ష. ప్రజల అనుమతితో నిలిచే ప్రతి ఇంట్లోనూ దాన్ని కట్టిన డబ్బు కథ గోడమీద రాసిపెట్టాలన్నది కూడా ఒప్పందంలో ఒక షరతు కావచ్చు.

మన జమీందారీ కోటల సంగతి వేరే. 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, 1949 హైదరాబాదు జాగీర్ల రద్దు, 1973 భూపరిమితి చట్టం భూమిని ఇంటి నుంచి విడదీశాయి. సామాజికంగా అది జరగాల్సిందే. ఇల్లు మాత్రం పోషించే పొలం లేకుండా మిగిలింది. వనపర్తి సంస్థానం భవనంలో పాలిటెక్నిక్ కాలేజీ పెట్టారు కాబట్టి గోడలకు సున్నం పడింది. ఫలక్‌నుమాను తాజ్ గ్రూపు హోటల్‌గా మార్చి 2010 నవంబరులో తెరిచింది కాబట్టి దీపాలు వెలుగుతున్నాయి. వాడకం దొరికినవి బతికాయి. మనకు పొలం అమ్మి కప్పు వేయించే దారి లేదు, కాబట్టి అనుమతి నుంచి పుట్టే విలువను వేరే చోట నుంచి తేవాలి. ఆ సాధనం మన నిబంధనల్లోనే ఉంది: బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కు, అందరి నోటా టీడీఆర్. పాత కట్టడం ఉన్న స్థలంలో కట్టలేకపోయిన అంతస్తులను బిల్డరుకు అమ్ముకోనివ్వడం. 2012 భవన నిర్మాణ నిబంధనలు వారసత్వ కట్టడాలకూ దీన్ని వర్తింపజేశాయి. కానీ టీడీఆర్ అనగానే జనానికి గుర్తొచ్చేది రోడ్డు విస్తరణలో పోయిన స్థలమో, బాండ్ల జారీలో అవకతవకలంటూ తణుకు, తిరుపతి నుంచి వచ్చిన వార్తలో.

రక్షణ వైపు మన రికార్డు ఇంకా తడబాటే. హైదరాబాదు జోనింగ్ నిబంధనల్లో వారసత్వ కట్టడాలకు అండగా నిలిచిన 13వ నిబంధనను 2015 డిసెంబరులో తొలగించారు, 2017లో కొత్త వారసత్వ చట్టం తెచ్చారు. ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్‌ను అసెంబ్లీ కోసం కూల్చేద్దామని ప్రభుత్వమే నిర్ణయిస్తే, విధివిధానాలు పాటించని ఆ నిర్ణయం చెల్లదని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. కోర్టు కూల్చివేతను ఆపింది. ఎర్రమంజిల్ గోడల్లోంచి మొలిచిన రావిచెట్టును పీకించడం కోర్టు పని కాదు. ఆ పనికి టీడీఆర్ బాండ్లను వాడాలంటే ఇంగ్లండ్ ఒప్పందాల్లోని మెట్ల పద్ధతిని తెచ్చుకోవచ్చు. బాండు మొత్తం ఒకేసారి ఇవ్వకుండా మరమ్మతు అంచనాను వారసత్వ ఇంజనీరుతో వేయించి, కప్పు పూర్తయ్యాక నాలుగో వంతు, గోడలూ దూలాలూ అయ్యాక ఇంకో సగం, జనానికి తలుపులు తెరిచిన రోజున మిగిలింది విడుదల చేయాలి. అంచనా, కొలతలు, బాండు నంబరు మున్సిపాలిటీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. కావాలని కూలనిచ్చిన యజమానికి ఒక్క గజం కూడా ఇవ్వకూడదు.